ఇంటినిండా పిల్లులు, చేతిలో చిల్లర: మందను తగ్గించుకుంటూ సాకే పద్ధతి

"మీ ఇంట్ల పిల్లులెన్నున్నయే బిడ్డా?" అని ఓనర్ పెద్దమ్మ అడిగిన రోజు నాకు నోట మాట రాలేదు. దాచాలని కాదు, నిజంగానే నాకు తెలియదు. మెట్ల కింద ఈనిన పిల్లి ఎన్ని కూనలు పెట్టిందో ఇంకా చూడనే లేదు. హన్మకొండలో రెండు గదుల కిరాయి పోర్షను, నాది కుట్టుమిషను, మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం. 2020 లాక్‌డౌన్‌లో మోరీలోంచి తీసిన ఒక్క కూనతో మొదలైంది. మూడేళ్లకు పదకొండు పిల్లులు, రెండు కుక్కలు. నెలాఖరుకు మా కూరగాయల డబ్బులు వాటి గింజలకే (షాపులో కొనే పొడి తిండికి) పోయేవి.

నేను పనులన్నీ తలకిందులుగా చేశాను. ముందు కూనలను పంచాను, తర్వాత తిండి తగ్గించాను, అన్నీ అయ్యాక పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ల సంగతి ఆలోచించాను. రెండేళ్లు గడిచినా లెక్క ఉన్నచోటే ఉంది. మీరు అలా చేయకండి. కింద రాసిన వరుస చూడటానికి చాదస్తంగా ఉంటుంది గానీ, ఖర్చు తగ్గేది ఈ వరుసలో వెళ్తేనే.

1. ముందు నోటుబుక్కు తీయండి

వంద పేజీల నోట్‌బుక్ చాలు. ఒక్కో జంతువుకు ఒక పేజీ. పేరు, ఆడో మగో, వయసు, ఆపరేషన్ అయిందా, రేబిస్ సూది ఎప్పుడు వేశారు, నట్టల మందు ఎప్పుడు తాగించారు. పేరు లేనిదానికి పేరు పెట్టండి. పేరు లేని పిల్లి లెక్కలోకి రాదు, లెక్కలోకి రానిది ఈనుతుంది.

పూటకోసారి వచ్చి తిని గోడ దూకి పోయేవి ఉంటాయి కదా, "అవి మావి కావు" అనుకుంటాం. మీ గిన్నెలో తింటే మీవే, రాసేయండి.

చిన్న కూనల్లో ఆడామగా పోల్చుకోవడం కొంచెం కష్టం. తోక ఎత్తి చూస్తే ఆడకూనకు రెండు రంధ్రాలూ దగ్గరగా, కింది దానిది చిన్న గీతలా ఉంటుంది. మగదానికి రెండింటి మధ్య ఎడం ఎక్కువ, రెండూ చుక్కల్లా ఉంటాయి. నలుపు, తెలుపు, నారింజ మూడు రంగులూ కలిసి ఉంటే అది దాదాపు ఖాయంగా ఆడదే. నారింజ రంగువి ఎక్కువగా మగవే. మా ఇంట్లో ఏడాదిపాటు "రాజు" అని పిలిచింది మూడు రంగుల పిల్లినే. బీరువా వెనక ఈనినాక రాణి అయింది.

చివరి పేజీలో డబ్బు రాయండి. పోయిన నెల వాటి మీద నిజంగా ఎంత పెట్టారు, కిరాణంలో ఎంత అప్పుంది, మీ ఇంటికి ఇబ్బంది లేకుండా నెలకు ఎంత తీయగలరు. ఈ మూడో అంకెను ఇంట్లో అందరూ కూర్చుని ఒప్పుకోవాలి. మొగుడికో అత్తకో తెలియకుండా గింజల సంచి మంచం కింద దాచే స్థితిలో ఉంటే (నేను దాచాను) పరిస్థితి చేయి దాటుతోందని అర్థం.

2. ఈనడం ఆపండి, మిగతావన్నీ తర్వాత

పండుగలతో లెక్క చెబుతాను. సంక్రాంతికి చూలు కట్టిన పిల్లి ఉగాదికి ఈనుతుంది. పిల్లి చూలు 63 నుంచి 65 రోజులే. నాలుగు కూనలు పెట్టిందనుకోండి, అందులో రెండు ఆడవి. తల్లి పాలిస్తూనే మళ్లీ ఎదకు రాగలదు, బోనాలకు ఇంకో నాలుగు. ఉగాదికి పుట్టిన ఆడకూనలు అయిదు నెలలకే, అంటే వినాయక చవితి నాటికి, చూలు కడతాయి. దీపావళికి అవి చెరో మూడు, తల్లి మూడో ఈతలో నాలుగు. ఒకటిగా ఉన్నది పది నెలల్లో పంతొమ్మిది. అన్నీ బతకవు, నిజమే. బతకనివి ఎలా పోతాయో చూసినవాళ్లకు ఆ మాటతో ఊరట ఉండదు.

అందుకే చేతిలో ఉన్న మొదటి వెయ్యి రూపాయలు గింజలకు కాకుండా ఆపరేషన్‌కు పోవాలి. ఎవరికి ముందు? నా అభిప్రాయంలో ఆడపిల్లులకు. మగదాని ఆపరేషన్ చిన్నది, చవక, అందుకని చాలామంది అక్కడ మొదలుపెడతారు. కానీ మీ గండుపిల్లికి చేయించినా పక్క వీధి గండుపిల్లి గోడ దూకి వస్తుంది. నాలుగైదు నెలలు దాటిన ఆడవాటికి మొదట, పాలు మానిన తల్లికి తర్వాత, ఆపైన మగవాటికి. ఈలోగా ఆడవాటిని ఒక గదిలో, మగవాటిని ఇంకో గదిలో ఉంచండి. ఇరుకే, వాసనే, కానీ కొన్ని వారాల పనే.

ఎక్కడ చేయించాలి? వరంగల్ వాళ్లకు మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. జగిత్యాల వైపు వాళ్లకు కోరుట్లలో అలాంటి కాలేజీయే ఉంది. ముందు అక్కడా, మీ దగ్గరి సర్కారు పశువైద్యశాలలోనూ అడగండి, ఆ తర్వాతే ప్రైవేటు క్లినిక్. ఫోన్‌లో ధర ఒక్కటే అడిగితే సరిపోదు. మత్తుమందు, కుట్లు, తర్వాతి సూదులు, మందులు అందులోనే వస్తాయా, రెండు మూడు కలిపి తెస్తే తగ్గిస్తారా అని కూడా అడగాలి. నేను ఒక చోట సగం ధర అని సంబరపడి వెళ్తే మందుల చీటీ మిగతా సగాన్ని మింగేసింది.

1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా పల్లెల్లో పాడిపశువుల కోసం. పిల్లి ఆపరేషన్‌కు దాని మీద ఆశ పెట్టుకోకండి. మున్సిపాలిటీ చేయించే ఆపరేషన్లు వీధికుక్కల కోసం. ఇంటి జంతువుకు ఆపరేషన్, టీకా, నట్టల మందు యజమాని బాధ్యతేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి.

తీసుకెళ్లడానికి బుట్ట కొనక్కర్లేదు. కూరగాయల ప్లాస్టిక్ క్రేట్లు రెండు తెచ్చి, ఒకదాని మీద ఒకటి బోర్లించి, కరెంటు వైరుతో నాలుగు మూలలా కట్టండి. లోపల పాత టవల్, పైన చున్నీ. చీకటిగా ఉంటే అరుపు తగ్గుతుంది, ఆటో అన్న కూడా వెనక్కి తిరిగి చూడడు. ఆపరేషన్‌కు ఎన్ని గంటల ముందు తిండి ఆపాలో డాక్టర్ చెబుతారు, చిన్న కూనలను ఎక్కువసేపు మాడ్చకూడదు. తిరిగొచ్చాక కుట్లు ఏ రకమైనా పది పద్నాలుగు రోజులు నాకనివ్వకూడదు. పసిపిల్లల పాత బనియన్‌కు తోక దగ్గర కత్తిరించి తొడిగితే ఆడపిల్లికి కట్టులా పనికొస్తుంది.

ఎద ఆపడానికని మందుల షాపుల్లో దొరికే హార్మోన్ బిళ్లలు, సూదులు వద్దు. చవకే, కానీ గర్భసంచిలో చీము పట్టవచ్చు. అప్పుడు అదే ఆపరేషన్ అర్ధరాత్రి, ప్రాణాపాయంలో, కొన్ని రెట్లు ఖర్చుతో చేయించాల్సి వస్తుంది.

మా అమ్మ "వాటి ఉసురు తగుల్తది, ఒక్క ఈతన్న ఈననియ్యి" అనేది. ఒక్క ఈత ఈనాలనే నియమం వైద్యంలో ఎక్కడా లేదు. అమ్మతో వాదించలేదు, కూనలకు పాలు పట్టే డ్యూటీ రాత్రి పన్నెండింటికి ఆమెకే అప్పజెప్పాను. మూడో రోజుకు తనే "ఆ డాక్టర్ ఎప్పుడుంటడు?" అని అడిగింది.

3. గేటు దగ్గర "వద్దు" అనడం

మీ ఇంట్లో పిల్లులున్నాయని వాడలో తెలిస్తే చాలు, పొద్దున గేటు ముందు బిస్కెట్ల డబ్బా ఉంటుంది, లోపల మూడు కూనలు. మూలిగే నక్క మీద తాటిపండు. తెచ్చినవాళ్లు ముఖం చూపిస్తే తలుపు వేయకండి. "తల్లి ఎక్కడుంది? దానికి ఆపరేషన్ చేయిద్దాం, క్రేట్ నేనిస్తా, కూనలు రెండు నెలలు తల్లి దగ్గరే ఉండనీ" అనండి. సగం మంది ఒప్పుకుంటారు. మిగతా సగం మళ్లీ రారు, అదీ లాభమే.

పెరట్లో రోజంతా గిన్నె నిండా గింజలు ఉంచడం మానేయండి. ఎప్పుడూ నిండుగా ఉండే గిన్నెకు చుట్టుపక్కల గండుపిల్లులన్నీ వస్తాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇరవై నిమిషాల్లో గిన్నెలు ఎత్తేయాలి.

4. తిండి: ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు

కుక్కను ఇంటి వంటతో సాకవచ్చు, పిల్లిని పెరుగన్నంతో సాకలేరు. పిల్లి మాంసం మీదే బతికే జీవి. టారిన్ అనే పదార్థం దానికి మాంసం, చేపల నుంచే అందాలి. అది లేకపోతే నెలల తరబడి పైకేమీ కనిపించదు, తర్వాత చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. పాలు కూడా పెద్ద పిల్లులు చాలావాటికి అరగవు. విరేచనాలు పట్టుకుంటాయి, మళ్లీ డాక్టర్ ఖర్చు.

నాలుగు కిలోల పిల్లికి రోజుకు దాదాపు 240 కేలరీలు కావాలి. పొడి గింజలైతే సుమారు 60 గ్రాములు, నెలకు 1.8 కిలోలు. కిలో 300 రూపాయలనుకుంటే నెలకు 540, ఏడు పిల్లులకు 3,780. ఈ లెక్క ముందు వేసుకుని ఉంటే నేను మూడో పిల్లి దగ్గరే ఆగేదాన్ని. అందరూ కొలవకుండా పోస్తారు. వంటింటి త్రాసు మీద 30 గ్రాములు తూచి, ఆ మట్టానికి ఒక స్టీలు గ్లాసు మీద గీత గీయండి. ఆ గీతతోనే మా ఇంట్లో నెలకు ఒక సంచి మిగిలింది. పిల్లులు సన్నబడలేదు, అంతకుముందు లావుగా ఉండేవి, అంతే.

చిన్న ప్యాకెట్ల కంటే పెద్ద సంచి కిలో లెక్కన చవక. కానీ వానాకాలంలో సంచి తెరిచి ఉంచితే ముక్కిపోతుంది, ఎలుకలు వేరే. బిగుతుగా మూత పడే డబ్బాలో పోసుకోండి. గింజలతో పాటు కొంచెం ఉడికించిన చికెన్, గుడ్డు పెట్టినా బాగుంటుంది. చికెన్ షాపులో కందనకాయలు, గుండెకాయలు, కత్తిరింపు ముక్కలు తక్కువకు వస్తాయి. రాత్రి షాపు కట్టేసే వేళ వెళ్లి పరిచయం చేసుకోండి. కార్జం మాత్రం వారానికి ఒకటి రెండుసార్లు చిన్న ముక్కే, రోజూ పెడితే విటమిన్ ఏ ఎక్కువై ఎముకలకు చేటు. ఎండుచేపల్లో ఉప్పుంటుంది. రెండు మూడు నీళ్లు మార్చి నానబెట్టి ఉడికించినా అప్పుడప్పుడే.

పదిహేను కిలోల నాటు కుక్కకు మా ఇంటి వంట ఇది. రోజు మొత్తానికి నూకలు వంద గ్రాములు (వరంగల్ చుట్టూ రైస్ మిల్లులకు కొదవ లేదు, నూకలు చవక), ఎముక తీసిన చికెన్ ముక్కలు రెండొందల గ్రాములు, రెండు గుప్పెళ్ల గుమ్మడికాయ ముక్కలు, చెంచా నూనె. ఉప్పు, కారం, పసుపు ఏమీ వద్దు. కుక్కర్లో మెత్తగా ఉడికించి రెండు పూటలకు పంచాలి. ఇందులో కాల్షియం తక్కువ, ఎంత కలపాలో డాక్టర్‌ను అడగండి. మెడలు, తలకాయలు వేస్తే ఉడికాక ఎముక ఏరేయండి. ఉడికిన కోడి ఎముక పుల్లలా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది.

ఫంక్షన్ హాల్ మిగులు బిర్యానీ ఉచితంగా వస్తుందని తెచ్చుకునేవాళ్లున్నారు. అందులో ఉల్లిగడ్డ, మసాలా, ఎముకలు ఉంటాయి. ఉల్లి కుక్కకూ పిల్లికీ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఉచితం అక్కడ చాలా ఖరీదు.

5. వైద్యం: దేనికి డబ్బు ఆపాలి, దేనికి ఆపకూడదు

షాంపూ, చొక్కా, బెల్టు, బిస్కెట్లు, బొమ్మలు ఈ ఏడాదికి ఆపేయండి. రేబిస్ టీకా, నట్టల మందు, కుక్కకైతే గోమార్ల మందు ఆపొద్దు. జులై 6 జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినాన మన రాష్ట్రంలో పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. నోటుబుక్కు అట్ట మీద ఆ తేదీ రాసుకోండి, పిల్లులకూ వేస్తారేమో వారం ముందే కనుక్కోండి. మొదటి రేబిస్ సూది మూడు నెలల వయసులో, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు ఏటా. కుక్కపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పార్వో (ప్రాణం తీసే విరేచనాల జబ్బు) వగైరాల టీకా మొదలుపెట్టాలి. ఒక్క కూనకు పార్వో వస్తే ఆ సెలైన్ల ఖర్చుతో పది కూనలకు టీకాలు వేయించవచ్చు.

పిల్లికి పారాసెటమాల్ ఇవ్వకండి, అర బిళ్ల కూడా. చచ్చిపోతుంది. కుక్క వీపు మీద పోసే గోమార్ల మందు పిల్లికి పోయకండి, పెర్మెత్రిన్ ఉన్నవి పిల్లులకు విషం. నేల తుడవడానికి ఫినాయిల్ మానేయండి, అడుగుల మీద అంటిందాన్ని నాకుతాయి.

మగపిల్లి దొడ్డికి పెట్టిన ఊక టబ్బులో పదే పదే కూర్చుని ముక్కుతూ మూత్రం చుక్క రాకపోతే, ఆ గంటే బయల్దేరండి. మలబద్ధకమని మా ఇంట్లో ఒక రాత్రి ఆగాం. తెల్లారేసరికి ఆ పిల్లి లేదు.

ఇలాంటి వాటికోసం వంటింట్లో ఒక గల్లా పెట్టండి. రోజుకు పది రూపాయలు వేసినా ఏడాదికి 3,650. చిట్టీలో ఒక భాగం వేసుకున్నా సరే. అందరికీ ఒకేసారి టీకాలంటే భారం, నెలకు ఇద్దరి చొప్పున వరుసలో పెట్టండి.

మీకు గాటు పడినా, గీరినా సబ్బు, ధార నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గరి సర్కారు దవాఖానకో వెళ్లండి. "మన పిల్లే కదా" అని ఆగొద్దు.

6. ఇతరులకు ఇవ్వడం

ఇప్పుడు, ఆపరేషన్లయ్యాక, ఇవ్వడం మొదలుపెట్టండి. రెండు నెలలు నిండని కూనను తల్లి నుంచి విడదీయకండి. ఆపరేషన్, టీకా చీటీతో ఉన్న పిల్లిని తీసుకునేవాళ్లు ఎక్కువ దొరుకుతారు, పైగా అది కొత్త ఇంట్లో మీ పాత కథను మళ్లీ మొదలుపెట్టదు.

ఎవరిని ముందు పంపాలి? మనసు అడ్డం వస్తుంది. మనుషుల ఒళ్లో కూర్చునేవి, చిన్నవి ముందు వెళ్లాలి, మనకు ఇష్టమైనవీ అవే. ముసలివి, గుడ్డివి, మంచం కింద నుంచి రానివి మీతోనే ఉంటాయి. తారుమారు చేద్దామని మూడు నెలలు ప్రయత్నించాను, మొండి పిల్లిని ఎవరూ తీసుకోలేదు.

వెలుతురులో ఫొటో తీసి, కాలనీ వాట్సాప్‌లో నిజమైన గుణాలు రాసి పెట్టండి. గోడలు గీరుతుందంటే గీరుతుందనే రాయండి. అడిగినవాళ్ల ఇంటికి మీరే తీసుకెళ్లి ఇవ్వండి. సొంతిల్లా కిరాయా, ఓనర్ ఒప్పుకున్నాడా, రోడ్డు ఎంత దూరం, కుక్కనైతే పగలంతా గొలుసుతో కడతారా చూడండి. వారం రోజులు చూసుకుని వద్దంటే వెనక్కి తీసుకుంటానని ముందే చెప్పండి. నేను ఇచ్చిన ఆరింటిలో ఒకటి తిరిగొచ్చింది. తిరిగి రావడం నయం, లేకపోతే అది ఏ చౌరస్తాలోనో ఉండేది.

ఎలుకల కోసం రైస్ మిల్లు వాళ్లు, ఊళ్లో గోదాములున్న రైతులు పిల్లులను అడుగుతారు. బయట తిరిగే రకానికి అది మంచి చోటే, రోజూ తిండి పెడతామంటేనే. "ఎలుకలున్నయి కదా, తింటది" అంటే ఇవ్వకండి. కొత్త చోట రెండు వారాలు ఒక గదిలో కట్టడి చేయమనండి, లేదంటే ఇల్లు వెతుక్కుంటూ పోయి దారి తప్పుతుంది.

ఎనుమాముల మార్కెట్ దగ్గరో, భద్రకాళి చెరువు కట్ట మీదో, ఊరవతల దాబా పక్కనో వదిలి రావడం అందరికీ తట్టే ఉపాయం. అక్కడ అప్పటికే ఉన్న కుక్కలు వాటిని బతకనివ్వవు. 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఆకలికి వదిలేయడం నేరం, ఇంట్లో ఉంచుకుని తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడమూ నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలేనని తెలిసి నేనూ నవ్వాను.

మీ మందలో రామచిలుకో నక్షత్ర తాబేలో ఉంటే వాటిని పంచకూడదు, అమ్మకూడదు, అసలు ఉంచుకోనే కూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. అటవీ శాఖ ఆఫీసులో అప్పగించండి. పంజరం తెరిచి వదిలేస్తే ఎగరడం మరిచిన చిలుక పక్క ఇంటి పిల్లికి చిక్కుతుంది.

7. మిగిలినవాటితో, ఇంటి ఓనర్‌తో

పిల్లుల దొడ్డి టబ్బులో పోసే మట్టి ప్యాకెట్లు కొనకండి. మిల్లు ఊక, టింబర్ డిపోలో రంపపు పొట్టు, సన్న ఇసుక, ఏదైనా పని చేస్తుంది. పాత ప్లాస్టిక్ టబ్బుల్లో పోసి రోజుకు రెండుసార్లు ఎత్తేయండి. పిల్లికొక టబ్బు, పైన ఒకటి అదనంగా అంటారు. మా రెండు గదుల్లో అది కుదరలేదు, మూడు టబ్బులతో శుభ్రంగా ఉంచితే నడిచింది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఆమె చేయొద్దు.

రేకుల ఇంట్లో ఉంటే మే నెల గురించి ముందే ఆలోచించండి. మధ్యాహ్నం తడి గోనెసంచి మీద పడుకోనివ్వండి, మట్టి గురుగుల్లో నీళ్లు రెండు చోట్ల పెట్టండి, తిండి చల్లటి వేళకు మార్చండి.

ఓనర్ పెద్దమ్మ దగ్గరికి నేను నోటుబుక్కు పట్టుకునే వెళ్లాను. ఎన్ని ఉన్నాయి, ఎన్నిటికి ఆపరేషన్ అయింది, ఏ నెలకు ఎన్ని మిగులుతాయి అని చూపించాను. ఆమెకు చదువు రాదు, పేజీలు తిప్పి పేర్లు చదవమంది. గడువు ఆరు నెలలు ఇచ్చింది, నాకు ఎనిమిది పట్టింది. ఇప్పుడు నాలుగు పిల్లులు, ఒక ముసలి కుక్క. రెండో కుక్కను మా ఆడబిడ్డ వాళ్లు పరకాల తీసుకెళ్లారు.

నాలుగింటిలో ఒకటి ఆ మంచం కింది మొండిదే. దానికి నట్టల మందు తాగించడం ఇప్పటికీ ఇద్దరి పని. ఒకరు పాత దుప్పటిలో మెడ దాకా చుట్టి పట్టుకోవాలి, ఇంకొకరు సిరంజి నోటి పక్క మూల నుంచి కొంచెం కొంచెంగా వదలాలి. ఒక్కసారిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అయ్యాక వెంటనే తారీఖు రాయండి, ఎందుకంటే వచ్చేసారి మీ ఇద్దరిలో ఒకరు "అప్పుడే పోసినం కదా" అంటారు.